పాత బండి - వెనుక షాకబ్సర్లు

మోటారు సైకిలును గురించి కుటుంబ పత్రికలో వ్రాయడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చును. వంటలు, పండుగలు, పిల్లల చదువులు, పెద్దల జ్ఞాపకాలు - యివి గదా మనకు అలవాటైన విషయాలు! కాని చెన్నపట్నంలో తరతరాలుగా స్థిరపడ్డ మన తెలుగువారి యిళ్ళలో అనేకచోట్ల, వాకిట్లో పట్టా కప్పుకొని ఒక పాత బండి నిలబడి వుండడం మేము చూస్తూనే వున్నాము. అది నాన్నగారిదో, మామగారిదో, మేనమామదో అయివుంటుంది. అమ్ముదామంటే మనసు ఒప్పదు. నడుపుదామంటే నడుము ఒప్పదు. యీ రెండవ చిక్కును గురించే మేము నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది 1978వ సంవత్సరంలో నాన్నగారు కొన్న 350 సి.సి. బుల్లెట్. పెరంబూరు నుండి ఆఫీసుకూ, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ, పండుగలకు నెల్లూరు దాకా ఆయన దానిమీదనే తిరిగారు. చిన్నప్పుడు మమ్మల్ని పెట్రోలు ట్యాంకుమీద కూర్చోబెట్టుకొని మెరీనా చూపించిందీ ఆ బండిమీదనే. ఆయన కాలం చేసి ఆరేళ్ళయింది. బండి మా వంతుకు వచ్చింది. మేము ఒక ఆఫీసులో గుమాస్తా వుద్యోగం చేసేవారము. చదువు మెట్రిక్యులేషనుతో సరి. యంత్రశాస్త్రం మాకు రాదు. అయితే కొలవడం, వ్రాసుకోవడం, ఒక కాగితాన్ని మరొక కాగితంతో సరిచూడడం మా వృత్తి. యీ పనికి ఆ విద్యే చాలావరకు సరిపోయింది.

చిక్కు యెలా వచ్చిందంటే, మా యింటావిడకు రెండేళ్ళుగా నడుము నొప్పి. డాక్టరుగారు వెన్నుపూసల పటం తీయించి, కుదుపులు తగలకుండా చూసుకోవాలన్నారు. ఆనాటి నుండి ఆవిడ బండి యెక్కడం మానేసింది. "మామయ్యగారి బండిని నేను కాదనడం లేదండీ, నా నడుమే కాదంటోంది" అన్నది. హైదరాబాదులో వున్న మా అన్నయ్య ఫోనులో, "యిద్దరు కూర్చోలేని బండి నీకెందుకురా? యెవరికైనా యిచ్చెయ్. వచ్చే సొమ్ము చెల్లెలి కూతురి చదువుకైనా పనికివస్తుంది" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పైగా రిజిస్ట్రేషను గడువు నాలుగు నెలలలో ముగియబోతున్నది. సొంత వాహనానికి మొదట 15 యేళ్ళు, ఆ తరువాత 5 యేళ్ళకొక పర్యాయం పరీక్ష చేయించి గడువు పొడిగించుకోవాలి గదా. పోబోయే బండికి ఆ ఖర్చంతా యెందుకు? అందుచేత అన్నయ్యతో ఒక ఒప్పందం చేసుకున్నాము. "యీ నాలుగు నెలలలో మీ మరదలు వెనుక కూర్చుని, నొప్పి పెరగకుండా పది మైళ్ళు వెళ్ళి రాగలిగితే బండి వుంటుంది. లేకపోతే నువ్వు చెప్పినట్లే చేస్తాము" అన్నాము. అన్నయ్య సరేనన్నాడు.

బుల్లెటుకూ వెనుక షాకబ్సర్లకూ పూర్వసంబంధం ఒకటి వున్నది. ఒకప్పుడు మోటారు సైకిళ్ళలో వెనుక చక్రాన్ని చట్రానికే కదలకుండా బిగించేవారు. కుదుపును ఆపేవి సీటు క్రింది స్ప్రింగులూ, టైరులోని గాలీ మాత్రమే. 1948లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కొత్త 350 బుల్లెటును జనానికి చూపినప్పుడు, దాని వెనుక చక్రం పైకీ క్రిందికీ వూగే చేయిమీద నిలబడి, రెండు ప్రక్కలా నూనె షాకబ్సర్లు కలిగి వున్నది. అప్పటికి బజారులో అమ్మే బండ్లలో అది అరుదు. 1955లో ఆ కంపెనీయూ, మన మద్రాస్ మోటార్సు వారూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. ఇంగ్లండులో ఆ బండ్ల తయారీ 1970లో ఆగిపోయినా, తిరువొత్తియూరులో బుల్లెట్ ఆగలేదు. 1977లో యిక్కడినుండే తిరిగి ఇంగ్లండుకు యెగుమతి మొదలైనది. 1994లో కంపెనీ ఐషర్ వారిలో కలిసింది; తరువాత ఒరగడంలోనూ, వల్లం వడగాల్‌లోనూ కొత్త ఫ్యాక్టరీలు వచ్చాయి.

యీ చరిత్ర అంతా వినడానికి బాగానే వుంటుంది. కాని పాత బండి గలవాడికి యిదే తలనొప్పి కూడాను. యిన్ని దశాబ్దాలుగా ఒకే పేరున బండి తయారవుతూ వచ్చింది గనుక, బజారులో "బుల్లెట్ షాకబ్సర్" అని అడిగితే యేదో ఒకటి చేతికి వస్తుంది. పేరు ఒకటే, పొడవు ఒకటి కాదు, స్ప్రింగు ఒకటి కాదు, కన్నాలు ఒకటి కావు. మా బండికున్న పాత షాకబ్సర్ల మీద చీటీ లేదు, నంబరు లేదు. నలభై యేళ్ళలో యెవరు యేవి మార్చారో చెప్పేవారూ లేరు. కనుక మొదటి పని, మన దగ్గర వున్నది యేమిటో తెలుసుకోవడం.

షాకబ్సర్ అనేది ఒక వస్తువు కాదు, రెండు. పైకి కనిపించేది స్ప్రింగు. దాని లోపల దాగి వున్నది నూనె గొట్టం. బరువును మోసేది స్ప్రింగు. గుంటలో పడ్డప్పుడు అణిగిన స్ప్రింగు తిరిగి యెగరబోతుంది. ఆ యెగురుడును అదుపులో పెట్టేది నూనె గొట్టం. లోపల ఒక కడ్డీ, దాని చివర చిన్న రంధ్రాలున్న ముషలకం వుంటాయి. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాలగుండా మెల్లగా దూరవలసి వస్తుంది. కదలికలోని బలం వేడిగా మారి పోతుంది. ఆఫీసు తలుపుకు బిగించిన డోర్ క్లోజరును తలచుకుంటే చాలు. తలుపు దభీమని పడకుండా నిదానంగా మూసుకొనేది కూడా నూనె చలవే. స్ప్రింగు మంచిదై నూనె గొట్టం చెడితే బండి వుయ్యాలవలె వూగుతుంది. గొట్టం మంచిదై స్ప్రింగు చితికితే ప్రతి గుంటకూ అడుగుకు కొట్టుకుంటుంది. రెండూ చెడితే మా యింటావిడ నడుము గతి పడుతుంది.

అయితే కుదుపు అనగానే షాకబ్సర్లమీద నేరం మోపకూడదు. రాయపేటలో మాకు యేళ్ళుగా తెలిసిన మెకానిక్కు ఒకాయన వున్నారు. వయసు అరవై దాటింది. మేము "భాయ్" అని పిలుస్తాము. బండి చూపించగానే ఆయన స్పానరు ముట్టలేదు. మొదట టైరులో గాలి చూశారు. అది వుండవలసినదానికంటే చాలా యెక్కువగా వున్నది. పెట్రోలు బంకులో కుర్రవాడు కొట్టినంత కొట్టించుకోవడం మనలో చాలామందికి అలవాటు. గాలి యెక్కువైతే టైరు రాయివలె గట్టిపడి ప్రతి గులకరాయినీ నడుముకు చెబుతుంది. తరువాత బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనుక చక్రాన్ని పట్టుకొని ప్రక్కలకు వూపారు. చక్రంతోపాటు చేయి కూడా కటకటమన్నది. "సార్, స్వింగ్ ఆర్మ్ బుష్ పోయింది. యిది మార్చకుండా బంగారు షాకబ్సర్ వేసినా దండగే" అన్నారు. ఆ బుష్షులు మార్చడం చిన్న ఖర్చు. బండి గలవారు యీ రెండూ ముందుగా చూడడం మంచిదని మా మనవి.

ఆ తరువాత అసలు పరీక్ష. బండిని నేలమీద నిలిపి, వెనుక సీటును రెండు చేతులతో గట్టిగా అణచి, చప్పున వదలాలి. బండి ఒకసారి లేచి నిలిచిపోతే నూనె గొట్టం బాగున్నట్లు. లేచి, దిగి, మళ్ళీ లేస్తే అందులో పస లేనట్లు. మాది మూడుసార్లు వూగింది. కడ్డీ చుట్టూ నూనె జిడ్డూ, దానికంటుకున్న దుమ్మూ కనిపించాయి. భాయ్ స్ప్రింగు విప్పి గొట్టం మాత్రం మా చేతికిచ్చారు. (స్ప్రింగు విప్పడం యింట్లో చేసే పని కాదు; అణిచి వున్న స్ప్రింగు జారితే ముఖం పగులుతుంది. దానికి తగిన పనిముట్టుతో దుకాణంలోనే చేయించాలి.) మంచి గొట్టమైతే కడ్డీని లోపలికి నెట్టడం కొంత తేలిక, బయటికి లాగడం కష్టం. మొత్తం పొడవునా ఆ పట్టు ఒకేలా వుండాలి. మాది సగందాకా గాలిలో చేయి పెట్టినట్లు కదిలింది; అనగా నూనె తగ్గి ఆ చోట గాలి చేరినదన్న మాట.

యిక కొలతలు. ఒక కాగితం తీసుకొని ఆరు గళ్ళు గీశాము. మొదటిది, పై కన్ను నడుమనుండి క్రింది కన్ను నడుమకు పొడవు, భారం లేనప్పుడు. రెండవది, కన్నులలోని యినుప గొట్టపు రంధ్రం. అంటే బోల్టు మందం. మూడవది, కన్ను వెడల్పు. పైదీ క్రిందిదీ ఒకటే అనుకోకూడదు, వేరువేరుగా కొలవాలి. నాలుగవది, స్ప్రింగు తీగ మందం. అయిదవది, స్ప్రింగు చుట్ట వ్యాసం. ఆరవది, బరువు మోసే చుట్టల లెక్క. రెండు చివరలా బల్లపరుపుగా ఆనుకున్న చుట్టలను లెక్కలో వేయకూడదు. యీ ఆరూ కాక, కడ్డీ యెంత దూరం కదులుతుందో, స్ప్రింగును విడిగా తీస్తే యెంత పొడవున్నదో కూడా వ్రాసుకుంటే మరీ మంచిది. కుడియెడమలు రెండింటినీ కొలవాలి. మా యెడమ స్ప్రింగు కుడిదానికంటే పొట్టిగా తేలింది. ఉక్కు స్ప్రింగు యేళ్ళతరబడి బరువు మోసి మోసి క్రుంగిపోతుంది. దాని బిగువు అంతగా మారదు కాని యెత్తు తగ్గుతుంది. మనుషులలో ముసలితనం వంటిదే.

పొడవు విషయంలో పది మిల్లీమీటర్లు కూడా పెద్ద తేడాయే. వెనుక షాకబ్సరు పొడవైతే వెనుక భాగం లేచి, ముందు ఫోర్కు నిటారవుతుంది; హ్యాండిలు తేలికై బండి నిలకడ తగ్గుతుంది. సెంటర్ స్టాండు వేస్తే చక్రం నేలను తాకుతుంది. చైను స్వింగ్ ఆర్ముకు రాసుకోవచ్చును. పొట్టిదైతే టైరు పోయి మడ్‌గార్డుకు తగులుతుంది. మలుపులో సైలెన్సరు నేలకు గీరుకుంటుంది. సైడ్ స్టాండు మీద బండి నిటారుగా నిలిచి యెప్పుడు అవతలికి పడుతుందో తెలియదు. "కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక వూడింది" అన్న సామెత యిక్కడ అక్షరాలా నిజమవుతుంది.

అన్నిటికంటే మమ్మల్ని ఆశ్చర్యపరచినది తీగ మందం. స్ప్రింగు గట్టితనం తీగ మందానికి నాలుగవ ఘాతంగా పెరుగుతుందట. అంటే మందాన్ని దానితోనే నాలుగుసార్లు హెచ్చవేయాలి. తక్కిన కొలతలన్నీ సమానమై, తీగ మాత్రం 7 మిల్లీమీటర్లకు బదులు 8 వుంటే, గట్టితనం ఒకటికి 1.7 రెట్లు. 7కు బదులు 7.5 వుంటేనే నూటికి 32 వంతులు యెక్కువ. చుట్ట వ్యాసం పెరిగితే స్ప్రింగు మెత్తబడుతుంది, అదీ మూడవ ఘాతంగా. చుట్టల లెక్క పెరిగితే ఆ నిష్పత్తిలోనే మెత్తబడుతుంది. యిది తెలిశాక టేపు ప్రక్కన పెట్టి, పొరుగింటి కుర్రవాని దగ్గర వెర్నియర్ కాలిపర్ అరువు తెచ్చుకున్నాము. స్ప్రింగుకున్న రంగు పొర కూడా లెక్కను చెరుపుతుంది గనుక, ఒకచోట రంగు గీకి ఉక్కును కొలిచాము.

కాగితం, పాత షాకబ్సరు ఒకటి సంచిలో వేసుకొని బయలుదేరాము. యీ వూళ్ళో అటువంటి వస్తువులకు రెండే పేటలు. కొత్త సామానుకు మౌంటు రోడ్డు ప్రక్కన జనరల్ పేటర్స్ రోడ్డు; పాత సామానుకు కూవం ఒడ్డున పుదుపేట. పుదుపేటలో అడుగు పెడితే, విప్పిన బండ్ల అవయవాలు గోడలకు వేలాడుతూ, దారి అంతా నూనె వాసన. ఒక దుకాణంలో తమిళంలో అడిగాము. కుర్రవాడు మా సంచిలోనిదాన్ని చూడకుండానే ఒక జత తెచ్చి, "యెక్కుతుంది సార్, బుల్లెటుకు యేదైనా యెక్కుతుంది" అన్నాడు. యెక్కడం వేరు, సరిపోవడం వేరు గదా! కాలిపర్ తీసి కొలిచాము. పొడవు సరిగ్గా వున్నది, కన్నులు సరిగ్గా వున్నాయి. కాని ఒకదాని తీగ 7 మిల్లీమీటర్లు, రెండవదానిది 7.5. రెండు వేరువేరు బండ్ల నుండి తీసి, ఒకే నల్లరంగు పూసి జత చేశారు. చూపుకు కవలలు, పుట్టుకకు పరాయివి. పైన చెప్పిన లెక్క ప్రకారం, ఒకటి రెండవదానికంటే దాదాపు మూడవ వంతు గట్టిది. అటువంటి జత వేస్తే వూగే చేయి ఒక ప్రక్కకు మెలిపడుతుంది. నమస్కారం పెట్టి బయటికి వచ్చాము. ఆ కుర్రవాడు కోపగించుకోలేదు. "అణ్ణా, ఆ కొలిచేది యెక్కడ కొన్నావు?" అని మాత్రం అడిగాడు.

ఆ శనివారమూ, తరువాతి శనివారమూ తిరిగి, మేము నాలుగు దారులను కాగితం మీద ప్రక్కప్రక్కన వ్రాసుకున్నాము. ధరలు దుకాణానికొక విధంగా వున్నాయి కనుక, పుదుపేట జత ధరను ఒక రూపాయి అనుకొని తక్కినవాటిని చెబుతాము. మా పాతవాటినే బాగు చేయించడానికి రూపాయిన్నర. అదే కొలతల కొత్త నూనె జతకు మూడు రూపాయలు. కొత్త మోడలు బండ్లకు వచ్చే గ్యాసు జతకు అయిదు.

బాగు చేయించడం మాకు మొదట నచ్చింది. నాన్నగారి బండికి నాన్నగారి నాటి వస్తువే వుంటుంది గదా అని. పైన మర బిగింపు వున్న పాతరకం గొట్టాన్ని విప్పి, నూనె సీలు మార్చి, సరైన చిక్కదనం గల నూనెను కొలత ప్రకారం పోస్తే అది మళ్ళీ పనిచేస్తుంది. కాని కడ్డీ నునుపుగా వుండాలి. మా కడ్డీ మీద తుప్పు గుంటలు గోటికి తగులుతున్నాయి. కొత్త సీలు వేసినా ఆ గుంటలు నెలలో కోసివేస్తాయి. గొట్టం మూతి నొక్కి మూసేసిన రకమైతే కోసి, తిరిగి అతికి యిస్తామనేవారు కూడా వున్నారు. అతుకులో సన్నని పగులు వున్నా నూనె కారుతుంది. ఆ దారి వదిలాము.

గ్యాసు జతను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, యెందుకంటే యీ రోజుల్లో అందరూ దాన్నే సలహా యిస్తున్నారు. గట్టి రోడ్డుమీద చాలాసేపు నడిచినప్పుడు గొట్టంలోని నూనె, గాలితో కలిసి నురుగెత్తుతుంది. నురుగుకు పట్టు వుండదు. లోపల నైట్రోజన్ వాయువును పీడనంతో నింపితే ఆ నురుగు తగ్గుతుంది. అదే గ్యాసు షాకబ్సరు రహస్యం. విడిగా చేతిలో పట్టుకొని కడ్డీని నొక్కి వదిలితే అది తనంతట తానే బయటికి వస్తుంది. వుట్టి నూనెది అక్కడే నిలిచిపోతుంది. గుర్తుపట్టడానికి యిదొక సులువు. 2009లో వచ్చిన క్లాసిక్ బండికి వెనుక యిటువంటి గ్యాసు జతనే యిచ్చారు. కదలిక 80 మిల్లీమీటర్లు, బిగింపు అయిదు మెట్లు. వస్తువు మంచిదే. కాని మాకు చూపించిన జత మా కొలతకంటే 12 మిల్లీమీటర్లు పొడవు. సెంటర్ స్టాండు సంగతి పైన చెప్పాము. అంతేకాక ఒక చట్రానికి, ఒక వాలుకు తగినట్లు చేసిన స్ప్రింగు మరొక చట్రంమీద అలాగే పనిచేస్తుందన్న హామీ లేదు. మేము పోయేది పెరంబూరు వీధులలో, గంటకు ముప్పయి నలభై కిలోమీటర్ల వేగంలో. నూనె నురుగెత్తేటంత దూరం మాకు లేదు. లడఖ్ వెళ్ళేవారి మందు మనకెందుకు? గ్యాసు నింపిన గొట్టాన్ని యెవరూ కోయరాదు, కాల్చరాదు, అతుకు వేయరాదు. లోపలి పీడనంచేత అది పేలవచ్చును. పాత సామాను వారికి యిచ్చేటప్పుడు యీ మాట చెప్పి యివ్వడం మన ధర్మం.

మిగిలింది కొత్త నూనె జత. మన దేశంలో షాకబ్సర్లు చేసే పేరున్న కంపెనీలు లేకపోలేదు. గాబ్రియేల్ ఇండియా 1961లోనే మొదలైనది. అయితే పేరున్న వస్తువుకే నకలు పుడుతుంది. కనుక డబ్బామీద తయారుచేసినవారి పేరు, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర అచ్చువేసి వున్నాయా అని చూశాము. యివి వుండి తీరాలని చట్టం. బిల్లు అడిగాము. తరువాత డబ్బా విప్పించి అక్కడే కొలిచాము. దుకాణదారు కొంత విసుక్కున్నా, రెండు వస్తువుల కొలతలూ మా కాగితంలోని గళ్ళకు సరిపోవడం చూసి, "సార్ బ్యాంకులో పని చేస్తారా?" అన్నాడు. షాకబ్సర్లను యెప్పుడూ జతగానే మార్చాలి. ఒకటి బాగుంది గదా అని దాన్ని వుంచి, రెండవది మాత్రం కొనడం పొదుపు కాదు.

బిగించిన తరువాత పని ముగియలేదు. బండిని స్టాండుమీద నిలిపి పొడవు కొలిచాము. మేము యెక్కిన తరువాత భాయ్ కొలిచారు. మా యింటావిడ కూడా యెక్కిన తరువాత మళ్ళీ కొలిచారు. పాతవాటితో యిద్దరం కూర్చుంటే, షాకబ్సరు కదలికలో ముప్పాతిక భాగం బండి కదలకముందే ఖర్చయిపోయింది. మొదటి వారంలోనే జీతం ముప్పాతిక ఖర్చయిన సంసారంలో, నెలాఖరుకు వచ్చే గుంటను దాటడం యెలా? అందుకే ప్రతి గుంటకూ ఆవిడ నడుముకు అడుగు తగిలేది. కొత్తవాటితో మూడవ వంతుకు కొంచెం మించింది. స్ప్రింగు క్రింద వున్న కాలరును ఒక మెట్టు తిప్పి, మూడవ వంతుకు తెచ్చాము. యిక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. కాలరు తిప్పితే బండి యెత్తు పెరుగుతుందే గాని స్ప్రింగు గట్టితనం పెరగదు. చివరి మెట్టుదాకా తిప్పి, "గట్టిగా చేశాము" అనుకొనేవారు చాలామంది. రెండు ప్రక్కలా ఒకే మెట్టు వుండాలన్నది చెప్పనక్కరలేదు.

డాక్టరుగారిని అడిగి, ఆవిడ నడుముకు బెల్టు కట్టుకొని, ఒక ఆదివారం వుదయం రద్దీ లేకముందే బయలుదేరాము. యెక్కడికన్నది ఆవిడే నిర్ణయించింది. "తిరువొత్తియూరు అమ్మవారి దగ్గరికి" అన్నది. త్యాగరాజస్వామివారు ఆ వూరు వచ్చినప్పుడు త్రిపురసుందరీదేవి మీద అయిదు కృతులు చేశారు. తెలుగు యింట పుట్టి సంగీతం రెండక్షరాలు వచ్చినవారికి ఆ గుడి పరాయిది కాదు. బండి పుట్టింది కూడా ఆ వూళ్ళోనే. పోనూ రానూ పది మైళ్ళకు పైమాటే. స్పీడు బ్రేకర్లు వచ్చినప్పుడల్లా మేము వేగం తగ్గించి వెనక్కి అడుగుతుంటే, "రోడ్డు చూసి నడపండి, నొప్పి వస్తే నేనే చెబుతాను" అన్నది. గుడి ముందు దిగి, రెండు చేతులూ నడుముమీద పెట్టుకొని నిలబడి, కొంతసేపు ఆలోచించింది. తరువాత అన్నది: "రోజూ వుండే నొప్పి వుంది. కొత్తది రాలేదు."

మాకు అంతకంటే కావలసింది లేదు. ఆ మాటను వున్నది వున్నట్లు అన్నయ్యకు చెప్పాము. అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "సరే, వుంచుకో. పిల్ల చదువుకు నీ వంతు నువ్వు పంపు, నా వంతు నేను పంపుతాను. నేను వచ్చినప్పుడు ఒకసారి నడపనియ్యి" అన్నాడు. రిజిస్ట్రేషను మరో అయిదేళ్ళకు పొడిగించుకున్నాము. ఆవిడ యిప్పటికీ దూరప్రయాణాలకు రైలునే అడుగుతుంది. కూరగాయల సంతకూ, చుట్టాల యింటికీ మాత్రం బండి యెక్కుతుంది.

యిటువంటి పాత బండి గల పాఠకులకు మేము చెప్పదలచినది యింతే. అమ్మడానికి గాని, కొనడానికి గాని తొందరపడకండి. ముందు గాలి చూడండి, బుష్షులు చూడండి. పాతవస్తువును విప్పించి ఆరు కొలతలూ వ్రాసుకోండి. పేరు చెప్పి కొనకండి, కొలత చెప్పి కొనండి. వెనుక కూర్చునేవారిని కూర్చోబెట్టే కొలవండి. యెందుకంటే నడిపేవాడికి బండి యెప్పుడూ బాగానే వుంటుంది, నిజం తెలిసేది వెనుక సీటుకే. చివరగా, ఆ కొలతల కాగితాన్ని బండి పుస్తకంలో మడిచి పెట్టండి. మా నాన్నగారు పెట్రోలు ఖర్చు వ్రాసుకున్న చిన్న నోటుబుక్కు ఒకటి మాకు దొరికింది. మా కాగితాన్ని అందులోనే పెట్టాము. తరువాత యీ బండి యెవరి వంతుకు వస్తుందో, వారికి మొదటినుండి వెదకవలసిన పని వుండదు.